వంటింటి బల్ల మీద తయారైన గుండె బెలూన్

గుండె జబ్బుల వైద్యం అంటే ఎంబీబీఎస్ చదివినవాళ్ల వ్యవహారం, మనకేం సంబంధం అనుకుంటున్నారా? బీటెక్, బీఎస్సీ, డిప్లొమా, ఐటీఐ... మీ చేతిలో ఏ పట్టా ఉన్నా సరే, ఈ వారం ఒక మనిషి జీవితం చదవండి. ఆయన డాక్టరే. కానీ ఆయన పేరు నిలిచింది రాసిన మందుచీటీల వల్ల కాదు. డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి బ్లేడు, జిగురు, సన్నని ప్లాస్టిక్ గొట్టాలు వంటింటి బల్ల మీద ముందేసుకుని, రాత్రుళ్లు కూర్చుని చేసిన ఒక వస్తువు వల్ల.

ఆ వస్తువు బెలూన్ క్యాథెటర్. ఆ మనిషి ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్. మీ వాడకట్టులో ఎవరికైనా స్టెంట్ వేశారని విన్నారా? ఛాతీ కోయకుండానే గుండె వాల్వ్ బాగుచేశారని విన్నారా? ఆ రెండు వైద్యాలూ ఆయన బల్ల మీది పనికి ఎంతో రుణపడి ఉన్నాయి. అందుకే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఉద్యోగం కోసం తిరుగుతున్న మీకు ఈయన కథ పనికొస్తుంది.

నాన్న లేని ఇల్లు

గ్రూంట్‌జిగ్ 1939 జూన్ 25న జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టారు. ఆయన పుట్టిన రెండు నెలలకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. రసాయనశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న తండ్రి యుద్ధం నుంచి తిరిగి రాలేదు. తల్లి ఇద్దరు మగపిల్లల్ని పెట్టుకుని బతుకు ఈడ్చింది. యుద్ధం తర్వాత వాళ్లుండే ప్రాంతం తూర్పు జర్మనీలో కలిసింది. 1950లో బంధువులున్న అర్జెంటీనాకు వెళ్లారు. అక్కడ కుదురుకోలేక రెండేళ్లకే వెనక్కి వచ్చేశారు. బతుకుదెరువు కోసం ఊరు విడిచి వెళ్లడం, కుదరక తిరిగి రావడం ఎలా ఉంటుందో పాలమూరు పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

లైప్‌జిగ్‌లో స్కూలు చదువు మంచి మార్కులతో పూర్తయింది. 1957లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్ వెళ్లి వైద్యవిద్యలో చేరారు. 1964లో డాక్టర్ అయ్యారు. అయితే పట్టా రాగానే దారి తేలిపోలేదు. పలు ఆసుపత్రుల్లో శిక్షణ తీసుకున్నారు. కొంతకాలం లండన్‌లో, జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో లెక్కలు కట్టే ఎపిడెమియాలజీ నేర్చుకున్నారు. ఆ లెక్కల చదువు అప్పట్లో ఎందుకూ కొరగానట్టు కనిపించి ఉంటుంది. తర్వాత అదే ఆయన్ని నిలబెట్టింది. ఎలాగో ముందు చూద్దాం.

ఆలోచన ఆయనది కాదు

మొదట తెలుసుకోవాల్సింది ఇది. సన్నని గొట్టంతో రక్తనాళాన్ని వెడల్పు చేయాలన్న ఆలోచన గ్రూంట్‌జిగ్‌ది కాదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు 1964 జనవరిలోనే ఆ పని చేసి చూపించారు. ఒక 82 ఏళ్ల వృద్ధురాలికి కాలికి రక్తం అందక పుండు పడింది. కాలు తీసేయాలని డాక్టర్లు చెప్పారు, ఆమె ఒప్పుకోలేదు. డాటర్ తొడలోని రక్తనాళంలోకి ముందు సన్నని గొట్టం, దాని మీదుగా ఇంకొంచెం లావు గొట్టం పంపించి, మూసుకుపోతున్న చోటును వెడల్పు చేశారు. ఆమె కాలు నిలిచింది.

అమెరికాలో చాలామంది డాక్టర్లు దాన్ని పట్టించుకోలేదు. జర్మనీలో ఎబర్‌హార్డ్ జైట్లర్ అనే డాక్టర్ మాత్రం ఆ పద్ధతిని చేస్తూ వచ్చారు. డార్మ్‌స్టాట్‌లోని క్లినిక్‌లో పనిచేస్తున్నప్పుడు జైట్లర్ ఉపన్యాసం విన్న గ్రూంట్‌జిగ్, తర్వాత ఆయన దగ్గరికి వెళ్లి పని నేర్చుకున్నారు. 1969లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ యూనివర్సిటీ ఆసుపత్రిలో చేరారు.

డాటర్ పద్ధతిలో ఉన్న చిక్కు ఏంటంటే, నాళాన్ని ఎంత వెడల్పు చేయాలో అంత లావు గొట్టాన్ని చర్మంలోంచి లోపలికి దూర్చాలి. అంటే పెద్ద రంధ్రం, ఎక్కువ రక్తస్రావం. కాలి నాళానికి ఎలాగో సరిపెట్టుకోవచ్చు. గుండె మీది నాళాల్లో అది కుదరదు. లోపలికి వెళ్లేటప్పుడు సన్నగా ఉండాలి, వెళ్లాక లావు కావాలి, పని అయ్యాక మళ్లీ సన్నబడి బయటికి రావాలి. ఇలాంటి వస్తువు ఏముంటుంది? బెలూన్.

పట్టు దారం నుంచి పీవీసీ దాకా

ఇక్కడి నుంచి కథ డాక్టరుది కాదు, మెటీరియల్స్ ఇంజినీరుది. పుట్టినరోజు బెలూన్ ఊదుతూ గమనించండి. ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడే ఉబ్బుతుంది. గట్టిగా ఉన్నచోట కదలదు. రబ్బరు బెలూన్‌ను రక్తనాళంలో పెట్టి ఉబ్బిస్తే అచ్చం ఇదే జరుగుతుంది. కొవ్వు పేరుకుని గట్టిపడిన చోటును వదిలేసి, దాని ముందూ వెనకా మెత్తటి చోట ఉబ్బిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న నాళం చిరిగే ప్రమాదం ఉంది. కాబట్టి కావాల్సింది మామూలు బెలూన్ కాదు. ఒక కొలత వరకే ఉబ్బి, అక్కడ ఆగిపోయి, ఆ తర్వాత ఎంత ఒత్తిడి పెట్టినా లావు పెరగకుండా గట్టిగా నిలిచే బెలూన్.

గ్రూంట్‌జిగ్ కంపెనీల చుట్టూ తిరిగారు. ఎవరూ చేసిపెట్టలేదు. సరే, మనమే చేద్దాం అని ఇంట్లో కూర్చున్నారు. భార్య మిఖాయేలా, ఆసుపత్రిలో సహాయకురాలు మరియా ష్లుంఫ్, ఆమె భర్త వాల్టర్ కలిసి ఆ వంటిల్లే వర్క్‌షాప్ చేసేశారు. రబ్బరు ఉబ్బు ఆగడానికి దాని చుట్టూ సన్నని పట్టు దారం అల్లిక చుట్టి చూశారు. గద్వాల వాళ్లకు ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది. నూలు బట్టకు పట్టు అంచు కలిపే మగ్గం మీద, ఏ దారం ఎంత సాగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదే కదా అసలు విద్య.

కానీ పట్టు అల్లికతో గొట్టం లావైపోయింది. అప్పుడు ఆయన జూరిక్‌లోని ఈటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేసి రిటైరైన రసాయనశాస్త్ర ప్రొఫెసర్ హైన్‌రిష్ హోఫ్‌ను కలిశారు. ఆయన చూపించిన పదార్థం పీవీసీ. అవును, మీ పొలంలో బోరు నీళ్లు పారే పైపుల ప్లాస్టిక్ కుటుంబమే. ఈ గొట్టాన్ని వేడి చేసి, లోపలి నుంచి ఒత్తిడి పెట్టి అచ్చు పోస్తే, ఆ కొలతకు మించి ఉబ్బని పలుచటి బెలూన్ తయారైంది. పట్టు దారం అక్కర్లేకపోయింది.

1974 ఫిబ్రవరి 12న మొదటిసారి ఆ బెలూన్‌ను ఒక రోగి కాలి రక్తనాళంలో వాడారు. 1975 నాటికి గొట్టంలో రెండు దారులు పెట్టారు. ఒకటి బెలూన్‌ను నింపడానికి, రెండోది దాని కొస దాకా వెళ్లి అక్కడి రక్తపు ఒత్తిడి కొలవడానికి, ఎక్స్‌రేలో కనిపించే మందు పంపడానికి. ఈ రెండో దారి చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ దానివల్లే, అడ్డంకికి ఇవతల ఒత్తిడి ఎంత, అవతల ఎంత, బెలూన్ ఉబ్బించాక ఆ తేడా ఎంత తగ్గింది అన్నది అంకెల్లో తెలిసేది. చేసిన పని ఫలించిందో లేదో అక్కడికక్కడే పరీక్షించుకునే ఏర్పాటు అది. ఇంజినీరింగ్ చదివినవాళ్లం దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం.

ఇద్దరికీ 38 ఏళ్లే

కాలి నుంచి గుండెకు వెళ్లాలంటే బెలూన్ ఇంకా సన్నం కావాలి. 1975లో కుక్కల గుండె నాళాల మీద ప్రయోగాలు చేశారు. 1976 నవంబరులో మయామీలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సభలో ఆ ఫలితాలను పోస్టర్‌గా పెట్టారు. చూసినవాళ్లలో చాలామంది నమ్మలేదు. కొట్టుకునే గుండె మీది నాళంలో బెలూన్ ఉబ్బించి రక్తం ఆపితే మనిషి బతుకుతాడా అన్నది వాళ్ల అనుమానం. అది న్యాయమైన అనుమానమే. ఆ పోస్టర్ చూసి ఆసక్తి చూపినవాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన రిచర్డ్ మైలర్ ఒకరు. 1977 మేలో ఇద్దరూ కలిసి, బైపాస్ సర్జరీ కోసం అప్పటికే ఛాతీ తెరిచిన రోగుల్లో, సర్జన్ల సమక్షంలో, బెలూన్‌ను పరీక్షించి చూశారు. కొవ్వు ముక్కలు ఊడి కిందికి కొట్టుకుపోతాయేమో అన్న భయం ఉండేది. ఆ పరీక్షల్లో అలా జరగలేదు.

అప్పుడు జూరిక్‌లో ఒక రోగి వచ్చారు. 38 ఏళ్లు. ఛాతీ నొప్పి. గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్లే ముఖ్యమైన నాళంలో ఒకేచోట, చిన్నదే కానీ తీవ్రమైన ఇరుకు. బైపాస్ సర్జరీకి అంతా సిద్ధమైంది. గ్రూంట్‌జిగ్ వయసూ అప్పుడు 38. ఆయన రోగికి అంతా వివరించారు. ఇంతకుముందు మెలకువగా ఉన్న మనిషికి ఈ పని ఎవరికీ చేయలేదని కూడా దాచకుండా చెప్పారు. రోగి ఒప్పుకున్నారు. సర్జరీ విభాగాధిపతి ఓకే సెన్నింగ్ అండగా నిలిచారు. ఏదైనా తేడా వస్తే వెంటనే ఛాతీ తెరవడానికి ఆపరేషన్ బృందం సిద్ధంగా ఉంది.

1977 సెప్టెంబరు 16. తొడ దగ్గర మత్తు ఇంజెక్షన్. గొట్టం గుండె దాకా వెళ్లింది. బెలూన్ రెండుసార్లు ఉబ్బించారు. అడ్డంకికి ఇవతలా అవతలా ఒత్తిడి తేడా తగ్గింది. గుండె లయ తప్పలేదు, రోగికి నొప్పి రాలేదు. ఛాతీ కోయాల్సిన అవసరం రాలేదు. పదేళ్ల తర్వాత, అంటే గ్రూంట్‌జిగ్ చనిపోయాక, ఆ రోగికి మళ్లీ యాంజియోగ్రామ్ తీసి చూస్తే ఆ నాళం తెరుచుకునే ఉంది.

50లో 32

ఇక్కడితో ఆగితే ఇది మామూలు విజయగాథ. మీకు చెప్పాలనుకున్న అసలు విషయం దీని తర్వాత ఉంది.

ఆ ఏడాది నవంబరులోనే ఆయన తన మొదటి నాలుగు కేసుల్ని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సభలో చెప్పారు. ఏడాది కిందట నమ్మని సభ ఈసారి చప్పట్లతో మోగిపోయింది. ఇంకొకరైతే ఆ ఊపులో ప్రపంచమంతా తిరిగి గొప్పలు చెప్పుకునేవారు. గ్రూంట్‌జిగ్ లెక్కలు రాశారు. 1979 జులైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మొదటి 50 మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. 32 మందిలో బెలూన్ పనిచేసింది. అంటే 18 మందిలో పనిచేయలేదు. పనిచేసినవాళ్లలో నాళం ఇరుకు సగటున 84 శాతం నుంచి 34 శాతానికి తగ్గింది. పరిస్థితి విషమించి ఐదుగురికి అత్యవసరంగా బైపాస్ చేయాల్సి వచ్చింది. ముగ్గురిలో గుండెపోటు ఛాయలు ఈసీజీలో కనిపించాయి. అంతేకాదు, బైపాస్ అవసరమైన రోగుల్లో 10 నుంచి 15 శాతం మందికే ఈ పద్ధతి సరిపోతుందని కూడా రాశారు. తన వస్తువును తానే ఇంత తగ్గించి చెప్పుకునే మనిషిని ఎక్కడైనా చూశారా?

ఎపిడెమియాలజీలో నేర్చుకున్నది ఇదే. ప్రతి రోగినీ లెక్కలో పెట్టాలి, బాగుపడినవాళ్లనే కాదు. ఆయనది మాటలతో ఆగలేదు. 1978 నుంచి జూరిక్‌లో డాక్టర్లను పిలిచి, వాళ్లు తెర మీద చూస్తుండగానే రోగులకు చికిత్స చేశారు. తప్పు జరిగినా అందరి ముందే జరుగుతుంది. బెలూన్లను తయారుచేసి అమ్మే పనిని జూరిక్‌లోని ష్నైడర్ కంపెనీ చేపట్టినప్పుడు కూడా, శిక్షణ లేనివాళ్ల చేతికి అవి వెళ్లకూడదని పట్టుబట్టారు. 1979లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఈ చికిత్సల వివరాలన్నీ ఒకేచోట నమోదు చేసే రిజిస్ట్రీ మొదలుపెట్టింది. కొత్త వైద్యం మీద జనానికి, డాక్టర్లకు నమ్మకం కుదిరింది ఈ పట్టికల వల్లే.

అట్లాంటా రోజులు

జూరిక్‌లో ఆయనకు దొరికే పడకలు, సౌకర్యాలు చాలలేదు. 1980లో అమెరికాలోని అట్లాంటాకు, ఎమరీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. వంటింటి నుంచి మొదలైన పని అక్కడ పెద్ద కేంద్రమైంది. దేశదేశాల డాక్టర్లు వచ్చి నేర్చుకుని వెళ్లారు. పేరు, డబ్బు, సొంత విమానం అన్నీ వచ్చాయి. బెలూన్ లోటు కూడా ఆయనకు తెలుసు. తెరిచిన నాళాల్లో దాదాపు మూడింట ఒకటి కొన్ని నెలల్లో మళ్లీ ఇరుకయ్యేది. దానికి మందు కనిపెట్టేంత సమయం ఆయనకు దొరకలేదు.

1985 అక్టోబరు 27, ఆదివారం. వాతావరణం బాగాలేదు. సముద్రతీరంలోని ఇంటి నుంచి అట్లాంటాకు తన చిన్న విమానాన్ని తానే నడుపుకుంటూ బయల్దేరారు. పక్కన రెండో భార్య మార్గరెట్ ఆన్. జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ దగ్గర విమానం కూలి ఇద్దరూ చనిపోయారు. ఆయనకు 46 ఏళ్లు. అదే ఏడాది ఫిబ్రవరిలో, దారి చూపిన డాటర్ కూడా కన్నుమూశారు. మరుసటి ఏడాదే, 1986లో, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ డాక్టర్లు గుండె నాళంలో తొలి స్టెంట్లు వేశారు. తెరిచిన నాళం మళ్లీ మూసుకోకుండా ఆపే లోహపు జాలీ అది. దాన్ని చాలావరకు నాళంలోకి చేర్చి విప్పేది కూడా బెలూనే.

బెలూన్ వాల్వ్ దాకా ఎలా వెళ్లింది

ఇప్పుడు మన ఊళ్లకు దగ్గరగా వద్దాం. గుండెలో నాలుగు కవాటాలుంటాయి. రక్తం ఒకవైపే వెళ్లేలా తెరుచుకుని మూసుకునే తలుపులు అవి. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, దానికి సరైన వైద్యం అందకపోతే, కొందరు పిల్లల్లో అది కీళ్లవాతపు జ్వరంగా మారుతుంది. అది గుండె కవాటాల్ని దెబ్బతీస్తుంది. గుండె ఎడమవైపున్న మైట్రల్ వాల్వ్ రెక్కలు ఏళ్లు గడిచేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆరోగ్యవంతుల్లో ఆ ద్వారం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. జబ్బు ముదిరితే ఒకటిన్నర కంటే తగ్గిపోతుంది. అప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి వెనక్కి తన్నుతుంది. పొలంలో నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు. చాలామంది ఆడవాళ్లలో ఇది మొదటిసారి బయటపడేది గర్భం దాల్చినప్పుడే. పేదరికం, ఇరుకిళ్లు, వైద్యం అందని ఊళ్లు ఉన్నచోటే ఈ జబ్బు ఎక్కువ.

ఒకప్పుడు దీనికి ఆపరేషనే దారి. 1982లో జపాన్ సర్జన్ కాంజీ ఇనోవే ఆ వాల్వ్ కోసం ప్రత్యేకంగా ఒక బెలూన్ వాడారు. తొడ దగ్గరి సిరలోంచి గుండె కుడివైపుకు వెళ్లి, రెండు గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, ఎడమవైపుకు దాటి వాల్వ్ దగ్గర ఆగుతుంది. ముందు బెలూన్ ముందు భాగం ఉబ్బుతుంది, తర్వాత వెనక భాగం. మధ్యలో నడుము సన్నగా ఉండటంతో డమరుకంలా మారి వాల్వ్‌లో కదలకుండా కూర్చుంటుంది. చివరికి నడుము కూడా ఉబ్బి అతుక్కున్న రెక్కల్ని విడదీస్తుంది. ఇలా వరుసగా ఉబ్బడానికి కిటుకు ఏంటో తెలుసా? రెండు రబ్బరు పొరల మధ్య సన్నని నైలాన్ అల్లిక. గ్రూంట్‌జిగ్ పక్కన పెట్టిన అల్లిక ఆలోచన, ఇంకో దేశంలో, ఇంకో పనికి, ఇంకో దారంతో పనికొచ్చిందన్నమాట.

అదే 1982లో అమెరికాలో జీన్ కాన్ బృందం పుట్టుకతోనే పల్మనరీ వాల్వ్ ఇరుకైన చిన్నారికి బెలూన్‌తో వైద్యం చేసింది. 1985లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే వృద్ధుల అయోర్టిక్ వాల్వ్‌ను బెలూన్‌తో తెరిచారు. కానీ ఆ వాల్వ్ కొన్ని నెలల్లోనే మళ్లీ బిగుసుకునేది. 2002 ఏప్రిల్ 16న అదే క్రిబియే, ఆవు గుండెపొరతో చేసిన కొత్త వాల్వ్‌ను స్టెంట్‌లో కుట్టి, బెలూన్ మీద ముడిచి, ఛాతీ తెరవకుండా ఒక 57 ఏళ్ల రోగి గుండెలో అమర్చారు. ఇవాళ టావీ అని వింటున్న చికిత్స అదే. వీటన్నిట్లో వెతికితే రెండు సంగతులు కనిపిస్తాయి. కొలతకు ఆగే బెలూన్, పని ఫలించిందో లేదో చెప్పే ఒత్తిడి అంకెలు.

మన దగ్గర ఏం జరిగింది

హైదరాబాద్‌ది కూడా ఈ కథలో ఒక పేజీ ఉంది. 1990ల్లో, విదేశీ స్టెంట్ల ధర మన రోగులకు అందనప్పుడు, కార్డియాలజిస్టు డాక్టర్ బి.సోమరాజు, క్షిపణులు తయారుచేసే శాస్త్రవేత్త ఏపీజే అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు దేశీయ స్టెంట్ తేవడానికి పనిచేశారు. దాన్నే కలాం-రాజు స్టెంట్ అంటారు. జూరిక్‌లో డాక్టరు, రసాయనశాస్త్ర ప్రొఫెసరు కలిసినట్టే, ఇక్కడ డాక్టరు, ఇంజినీరు కలిశారు.

వైద్యం ఖర్చు విషయంలో మన జిల్లాలకు ఇంకో గుర్తింపు ఉంది. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ తొలి విడతలో మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు ఆ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించి, మందు పూత ఉన్న రకాన్ని రూ.29,600కు తెచ్చింది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాల అంటే డాక్టర్లే కాదు, టెక్నీషియన్లు, పరికరాలు చూసుకునేవాళ్లు కూడా కావాలి.

మీకు ఏ దారి ఉంది?

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకు క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, బీఎస్సీ అలైడ్ హెల్త్‌లో కార్డియాక్ టెక్నాలజీ లాంటి కోర్సులున్నాయి. డిప్లొమాలకు పారామెడికల్ బోర్డు, డిగ్రీలకు కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. డాక్టర్ గొట్టం లోపలికి పంపుతున్నప్పుడు, ఒత్తిడి గ్రాఫ్, ఈసీజీ మీద కన్ను వేసి ఉంచేది, అడిగిన కొలత బెలూన్ క్షణంలో అందించేది ఈ టెక్నీషియన్లే. గ్రూంట్‌జిగ్ రెండో దారి పెట్టింది మీరు చదవబోయే ఆ అంకెల కోసమే.

బీటెక్ వాళ్లు బయోమెడికల్ ఒక్కటే దారి అనుకోవద్దు. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలో, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగాలున్నాయి, గేట్‌లో ఆ పేపరూ ఉంది. కానీ బెలూన్ అంటే ప్లాస్టిక్, స్టెంట్ అంటే లోహం, లేజర్ కటింగ్. మెకానికల్, మెటలర్జీ, కెమికల్ వాళ్ల పనే అది. ప్లాస్టిక్ టెక్నాలజీ నేర్చుకోవాలంటే చర్లపల్లిలో సిపెట్ ఉంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులో స్టెంట్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. వైద్య పరికరాల నియమాలు 2018 నుంచి అమల్లోకి వచ్చాక ప్రతి కంపెనీకీ నాణ్యత రికార్డులు రాసేవాళ్లు, పరీక్షలు చేసేవాళ్లు కావాలి. ఐఎస్ఓ 13485 అనే నాణ్యత ప్రమాణం గురించి కొంచెం చదివి వెళ్లండి. ఇంటర్వ్యూలో తేడా తెలుస్తుంది.

చివరగా ఒక పని చెబుతాను, ఈ వారమే చేయండి. మీ ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు తీయండి. అందులో బాగా వచ్చిన ఫలితాలే ఉంటాయి, మనందరం అలాగే రాస్తాం. దానికి ఒక పేజీ కలపండి. ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఎన్నిసార్లు పనిచేయలేదు, ఎందుకు పనిచేయలేదు, ఎలాంటి సందర్భంలో మీ పద్ధతి వాడకూడదు. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ముందు ఆ పేజీ చూపించండి. వైద్య పరికరాల కంపెనీలో కూర్చుని మిమ్మల్ని ప్రశ్నించే మనిషికి కావాల్సింది అదే, ఎందుకంటే రేపు మీరు పరీక్షించి పంపిన గొట్టం ఎవరో ఒక తల్లి గుండెలోకి వెళ్తుంది. గ్రూంట్‌జిగ్ 32 పక్కన 18ని దాచి ఉంటే, ఆయన బెలూన్‌ను నమ్మేవాళ్లు ఎవరూ మిగిలేవారు కాదు.